ఇనుప భీముడు: వీడియో క్రీడలలోని ప్రతివీర యుద్ధములు – ఒక పరిశీలనము

ధర్మపురి మండలమునందును, దాని నంటియున్న కృష్ణగిరి, హోసూరు ప్రాంతములందును, ఉత్తరమున చిత్తూరు సీమయందును ద్రౌపదీ ధర్మరాజుల గుళ్లు పెక్కు కలవు. ఎండకాలమున ఆ గుళ్లకడ భారతోత్సవము జరుగును. పగలు పురాణకాలక్షేపము, రాత్రి వీథినాటకము. కొన్ని యెడల అది తెలుగున సాగును, కొన్ని యెడల తమిళమున. తమిళులు ఆ నాటకమును తెరుక్కూత్తు అందురు. ఉత్సవపు కడపటి దినములలో రెండు ఘట్టములకు జనము విరగబడి వచ్చును. మొదటిది అర్జునుని తపస్సు. నిటారుగా పాతిన తపస్సు మానును అర్జున వేషధారి పాడుచు మెల్లమెల్లగా ఎక్కి, పైనుండి నిమ్మపండ్లును విభూతియు విసరును. సంతానము కోరు స్త్రీలు క్రింద కొంగు పట్టి నిలుతురు. రెండవది దుర్యోధన వధ. బారలకొలది పొడవున మట్టితో దుర్యోధనుని బొమ్మను నేలపై వెల్లకిల పరుండునట్లు మలచి రంగులు దిద్దుదురు. భీమ దుర్యోధన వేషధారు లిరువురును దాని చుట్టును, దాని మీదను పరుగులిడుచు గదాయుద్ధము చేయుదురు. మట్టి తొడ పగులుటతో యుద్ధము ముగియును.

ఈ రెండు ఘట్టములును ఒకే ప్రశ్నను అడుగుచున్నవి. తనకంటె మిన్నయైన ప్రతివీరుని ఎదిరించినవాడు చేయవలసిన దేమి? అర్జునుని తపస్సు వెనుక కిరాతుని కథ యున్నది. నన్నయ అరణ్యపర్వమున తెనిగించిన ఆ కథ తెలుగువారికి క్రొత్తది కాదు. అక్షయ తూణీరములు రిత్తవోయినవి, విల్లు చేజారినది, ఖడ్గము తునిగినది, కడకు మల్లయుద్ధమున అర్జునుడు సొమ్మసిల్లినాడు. పాశుపతము లభించినది ఆ ఓటమి తరువాతనే. ఇక గదాయుద్ధమును గూర్చి వ్యాసభారత శల్యపర్వము ఒక వింత సంగతి చెప్పుచున్నది. భీముని చంపగోరి దుర్యోధనుడు ఇనుముతో భీముని ప్రతిమను చేయించుకొని, దానిపై పదుమూడేండ్లు గదాసాధనము చేసెనట. కృష్ణుడే ఈ మాట ధర్మరాజుతో చెప్పి, బలమున భీముడు మిన్నయైనను నేర్పున సుయోధనుడు మిన్న యని హెచ్చరించును.

ప్రాణము లేని ప్రతిమతో పోరాడి పోరాడి నేర్పు గడించుట అను ఆ సుయోధనుని పనియే నేడు లోకమున లక్షలాది యువకులకు రాత్రిపూట వ్యాపకమైనది. ధర్మపురి యువకు లిందుకు వెలికారు. వీడియో క్రీడలలో యాక్షన్ రోల్‌ప్లేయింగ్ అని పేరొందిన జాతి ఒకటి కలదు. ఆటగాడు అందు ఒక పాత్రను ధరించి, దాని బలమును, ఆయుధములను క్రమక్రమముగా పెంచుకొనుచు, ఒక కల్పిత రాజ్యమున సంచరించును. దారి కడ్డముగా అప్పుడప్పుడు ఒక మహాప్రతివీరుడు నిలుచును. ఆటగాండ్రు వానిని బాస్ అందురు. ఆ పదమునకు యజమాని యని అర్థము. కచేరీలో పై అధికారి ఎట్లో ఇచట ఆ ఘట్టమునకు వాడట్లు. వానిని కూల్చినగాని కథ ముందునకు సాగదు. కొన్ని క్రీడలలో ఈ యుద్ధములు ఎంత కఠోరముగా నుండుననగా, ఒక్క ప్రతివీరునిచేత ఇరువదిమారులు, ఏబదిమారులు చచ్చుట సామాన్యము.

ఈ కఠోర సంప్రదాయమునకు నేటి రూపము నిచ్చినది జపానునందలి ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ సంస్థ, అందు ముఖ్యముగా హిదెతాకా మియజాకి యను నిర్దేశకుడు. 2009లో డీమన్స్ సోల్స్, 2011లో డార్క్ సోల్స్, 2015లో బ్లడ్‌బోర్న్, 2019లో సెకిరో, 2022లో ఎల్డెన్ రింగ్ అతని నిర్దేశకత్వమున వెలువడినవి. వీనిలో కడపటిది 2024 నడుమకే రెండుకోట్ల ఏబది లక్షల ప్రతులకు పైగా చెల్లినది. ఇంటి పెద్దలకు ఈ అంకె తలతిప్పును. వేలరూకలు పోసి ఓటమిని కొని తెచ్చుకొనుట ఏమి వినోదమని వారు అడుగుదురు. ఈ ప్రశ్న తోసివేయదగినది కాదు. దానికి సమాధానము చెప్పలేనిచో ఈ రూపమునకు విమర్శ యనునదే అక్కఱలేదు. అది కాలహరణమని ఒప్పుకొని ఊరకుండవచ్చును.

సమాధానమునకు మొదటి మెట్టు ఈ క్రీడల ఆరంభములందే కలదు. డీమన్స్ సోల్స్ ప్రవేశఘట్టమున ఆటగాడు ఇంకను మీటల జాడ తెలిసికొనుచుండగనే ఒక స్థూలకాయుడైన రాక్షసుడు ఎదురై ఒకటి రెండు దెబ్బలతో కూల్చును. ఏ నిపుణుడో వానిని గెలిచినచో, కొంత ముందునకు పోగా ఒక మహాసర్పదేవత పిడికిటి పోటుతో చంపును. ఎట్లైనను చావు తప్పదు. ఆ చావుతోనే కథ మొదలగును. సెకిరోలో నాయకుడు తొలి ద్వంద్వయుద్ధమున గెన్‌ఇచిరో యను ప్రభువునకు ఓడి ఎడమచేయి కోల్పోవును. ఇచటను గెలిచినవానికి మినహాయింపు లేదు. మఱియొకని కుటిలముచే దృష్టి చెదరి చేయి తెగును. కావ్యారంభమున కవి వస్తునిర్దేశము చేసినట్లు, ఈ నిర్మాతలు పరాజయమును వస్తువుగా ముందే నిర్దేశించుచున్నారు.

తరువాత చావునకు ఒక ధర్మశాస్త్రము ఏర్పఱచిరి. ఆటగాడు చచ్చినచోట అతడు కూడబెట్టిన ప్రాణధనమంతయు పడిపోవును. అతడు దూరముననున్న నెగడుకడ తిరిగి లేచును. దారిలో చంపిన శత్రువులందఱును మరల లేతురు. పడిన ధనమును తిరిగి చేరి ఏరుకొనవచ్చును గాని, చేరకముందే మరల చచ్చెనా, అది శాశ్వతముగా పోవును. ప్రతివీరుడు నిండుబలముతో మొదటివలెనే నిలిచియుండును. వాని ఒంటిపై నిన్నటి గాయ మొక్కటియు నుండదు. రెండవమారు వచ్చు ఆటగానికి మొదటిమారుకంటె ఎక్కువగా నుండునది జ్ఞాన మొక్కటే. ఈ వ్యవస్థ యంతయు దానికొఱకే కట్టబడినది.

ఆ జ్ఞాన మెట్టిదో ఒక ఉదాహరణము చూడవలెను. ఎల్డెన్ రింగ్ నందు స్టార్మ్‌వీల్ కోటవాకిట మార్గిట్ అను ప్రతివీరుడు కాపుండును. కొమ్ములు, తోక, చింకిపాతలు, చేత పెద్ద కోల. క్రొత్తవారిలో అధికుల పాలిటికి మొదటి పెద్ద అడ్డంకి వాడే. ఈ క్రీడలలో దెబ్బ తప్పించుకొనుటకు ముఖ్యోపాయము నేలపై పొర్లుట. పొర్లుటలో అర సెకనుకు లోపలి కాలము మాత్రమే దేహమునకు దెబ్బ తగులదు. పూర్వపు క్రీడలాడినవాడు శత్రువు చేయి పైకెత్తగానే పొర్లుట అలవాటు చేసికొనియుండును. మార్గిట్ కోల పైకెత్తి, దింపడు. ఎత్తిన చేయి ఎత్తినట్లే యుంచి చూచుచుండును. ఆటగాడు తొందరపడి పొర్లి, లేచి నిలువబడిన క్షణమున కోల నెత్తిపై పడును. దెబ్బతిన్నవాడు వెనుకకు తొలగి మందు త్రాగబోవును. వెలుగుతో చేసిన కత్తి యొకటి ఎగిరివచ్చి గ్రుచ్చుకొనును. భయపడినవాడు బరువైన కవచము తొడుగును. మోయగల బరువులో నూటికి 70 పాళ్లు మించినచో పొర్లుట మందగించును గనుక, కవచము తొడిగినవాడు మునుపటికంటె త్వరగా చచ్చును. రక్షించునని నమ్మిన ప్రతి అలవాటును ఈ ప్రతివీరుడు శత్రువుగా మార్చుచున్నాడు.

పదిమారులు చచ్చిన తరువాత కొంద ఱొక సంగతి గమనింతురు. కోల ఎత్తుట సంకేతము కాదు. భుజము కదలుట సంకేతము. ఆటగాడు అప్పటివఱకు చూచినది తన భయమును. ఇప్పుడు చూచునది ఎదుటివాని దేహమును. అటుపై ఒక్కొక్క దెబ్బకును ముందు వెనుకలు తెలియవచ్చును: ఈ మూడు విసరుల తరువాత విరామ మున్నది, ఆ గంతు తరువాత లేదు, తోక విసరునప్పుడు వెనుక నుండరాదు. సగము ప్రాణము తగ్గగనే వాడు వెలుగు సుత్తిని సృష్టించును. తెలిసిన పద్యమునకు క్రొత్త చరణము చేరినట్లగును. మియజాకి బాల్యమున తనకు పూర్తిగా చదువరాని ఇంగ్లీషు కథల పుస్తకములు తెచ్చుకొని, తెలియని చోట్లను ఊహతో పూరించుకొనెడివాడనని చెప్పియున్నాడు. ఆ బాలుని చదువే పెద్దవాని క్రీడలకు నమూనా యైనదన్నచో అతిశయోక్తి కాదు. ప్రతివీరుడు ఇచట ఒక గ్రంథము. తొలి పఠనమున తెలియదు. తెలియనందుకు శిక్ష మరణము. మరల చదువుటకు అవకాశమును ఆ మరణమే ఇచ్చును.

చచ్చినవాడు తరువాతివానికి చెప్పిపోవు ఏర్పాటు కూడ ఇందున్నది. డీమన్స్ సోల్స్ మొదలుకొని నేలపై అచటచట నెత్తుటి మరకలు కనబడును. అవి లోకమున వేఱొకచోట వేఱొక ఆటగాడు అదే స్థలమున చచ్చిన గుర్తులు. తాకినచో వాని కడపటి క్షణములు ఎఱ్ఱని నీడవలె కన్నులయెదుట ఆడును. పరుగెత్తుట, వెనుకకు తిరుగుట, కూలుట కానవచ్చును. చంపినవాడు మాత్రము కనబడడు. ధర్మపురివారికి దీనిని విడమఱచి చెప్పనక్కఱలేదు. ఈ ఊరి ప్రభుత్వ మ్యూజియమున వరుసగా నిలిపిన వీరశిలలు ఆ పనియే చేయుచున్నవి. తమిళులు వానిని నడుకల్ అందురు. ఫలానా రాజునకు ఇన్నవయేట, ఫలానావాడు, మందను విడిపింపబోయి పడినాడని శాసనము. మీద ఆయుధమెత్తిన వీరుని బొమ్మ. తగడూరను ప్రాచీననామముతో ఈ ఊరేలిన అదియమాన్ నెడుమాన్ అంజి చేరరాజుతోడి యుద్ధమున పడగా, అతని నడుకల్లును గూర్చి అవ్వైయార్ పాడిన విలాపము పుఱనానూఱున నేటికిని నిలిచియున్నది.

భేదము కూడ చెప్పవలెను. వీరశిలలోని వీరునికి చావు ఒక్కటే. ఆ ఒక్కటే అతనికి విలువ తెచ్చినది. భారతోత్సవమున దుర్యోధనుడు ఏటికొకమారు చచ్చును. ఏడాది యంతయు ఊరు అందుకొఱకు వేచియుండును. క్రీడలో చావు నిమిషమునకొకటి. ఇంత చౌకయైన చావునకు బరువెక్కడిదని ఆక్షేపించుట సహజము. కాని వీథినాటకము చూచువానికి దుర్యోధనుడు చచ్చునని ముందే తెలియును. తెలిసియును అతడు తెల్లవారువఱకు కూర్చుండును. ఏమి జరుగునో అనునది అతని ఆసక్తి కాదు. ఎట్లు జరుగునో చూడవలెనని వచ్చినాడు. నూరవమారు ప్రతివీరుని వాకిట నిలిచిన ఆటగానిదియు అదే స్థితి.

ఇక ఇందు రసమున్నదా యను విచారము. భరతుడు వీరమును ఉత్తమప్రకృతిగల ఉత్సాహాత్మకముగా చెప్పెను. సాహిత్యదర్పణకారుడు వీరమునకు జయింపబడవలసినవానినే ఆలంబన విభావముగా పేర్కొనెను. ప్రతివీరుడు ఎంతవాడో వీరరసము అంతదన్నమాట. ఈ లెక్కన ప్రతివీరులనే వరుసగా నిలిపిన ఈ క్రీడలు వీరరసమునకు గని కావలెను. కాని చిక్కొకటి కలదు. కావ్యమున నాయకుడు వేఱు, సహృదయుడు వేఱు. ఇచట ఇరువురు నొక్కరే. దెబ్బ తిన్నది తానే, సిగ్గుపడినది తానే. కంట్రోలరును గోడకేసి కొట్టినవానియందు ఉన్నది లౌకికమైన క్రోధమే గాని రౌద్రరసము కాదు.

అభినవగుప్తుడు రసప్రతీతికి విఘ్నములు ఏడింటిని చెప్పినాడు. అందొకటి, చూచువాడు తన సొంత సుఖదుఃఖములకు వశుడైయుండుట. నాట్యమున ఆ విఘ్నమును తొలగించుటకు గానవాద్యాదులు ఉన్నవని అతని సమాధానము. ఈ క్రీడలందును సంగీతము ఘనముగానే యున్నది. అయినను అది చాలదు. తొలగించునది పునరావృత్తి. పదవమారు చచ్చినవాడు కోపించును. ముప్పదవమారు చచ్చినవానికి కోపపడు ఓపికయు ఉండదు. ఆ అలసటలో 'నేను ఓడితిని' అను తలపు సడలి, 'అటు తిరిగియుండవలసినది' అను తలపు మిగులును. ఆటగాడు తన యుద్ధమునకు తానే ప్రేక్షకుడగును. అప్పుడు ప్రతివీరుని కోల విసరులో ఒక లయ వినబడును. పొర్లుట తప్పించుకొనుట మాని తాళము వేయుటగా మారును. గెలిచిన ఆటగాండ్రు పలువురు ఆ కడపటి యుద్ధమున భయమే కలుగలేదనియు, ముగిసినపుడు ఒకింత వెలితిగా తోచెననియు చెప్పుటకు కారణమిదియే. రసము గెలుపున లేదు. గెలుపునకు కొంచెము ముందు, చేతులు తమంతట తాము కదలుచుండగా మనస్సు ఊరక చూచుచుండు ఆ రెండు మూడు నిమిషములలో ఉన్నది. కఠోరత లేనిచో ఆ నిమిషములు రావు. మొదటిమారే గెలిచినవానికి ప్రతివీరుని చూచుటకే తీరిక యుండదు.

దీనినిబట్టియే ఈ క్రీడల దోషములను గూడ తూచవలెను. ఓటమి నేర్పినచో కఠోరత గుణము, నేర్పనిచో దోషము. డార్క్ సోల్స్ నందు బెడ్ ఆఫ్ కేయాస్ అను ఘట్టమున ప్రతివీరుని స్థానమున ఒక పెనువృక్షము వంటి భూతమున్నది. నడుచుచుండగనే నేల కూలి ఆటగాడు గోతిలో పడును. ఎచట కూలునో ముందు తెలియదు; తెలిసిన పిమ్మట చేయవలసినది చదువుట కాదు, జ్ఞాపకముంచుకొని గంతువేయుటయే. నిర్మాతలకును ఈ లోపము తెలిసినట్లున్నది. తక్కినచోట్ల ప్రతివీరుడు నిండుబలముతో లేచునట్లు చేసినవారు, ఇచట మాత్రము ఆటగాడు ఒకమారు పగులగొట్టినది చచ్చి వచ్చినను పగిలియే యుండునట్లు చేసిరి. తమ శాస్త్రమునకు తామే అపవాదము వ్రాసికొనుట కంటె ఒప్పుకోలు వేఱేమి కావలెను? నెగడునుండి ప్రతివీరుని వాకిటివఱకు ప్రతిమారును సుదీర్ఘముగా పరుగెత్తించుట మఱియొక దోషము. అది పాఠము కాదు, బడికి నడక. ఎల్డెన్ రింగ్ నాటికి యుద్ధరంగము చెంతనే తిరిగి లేచుటకు మారికా స్తంభములు నాటి దీనిని చాలవఱకు దిద్దుకొనిరి.

మలేనియా విషయము ఇంత తేలికగా తేలదు. ఎల్డెన్ రింగ్ నందలి ఈ వీరనారి సౌందర్యమునందును భీకరత్వమునందును సాటిలేనిది. ఆమె దెబ్బ తగిలినప్పుడెల్ల, డాలుపై తగిలినను సరే, ఆమె ప్రాణము పెరుగును. ఆటగాని తప్పు అతనిని గాయపఱచుటయే గాక ఆమెకు మందగును. ఇది గొప్ప ఊహ. కాని ఆమె గాలిలోకి లేచి వరుసగా ఖడ్గవర్షము కురిపించు ఒక విన్యాసము కలదు. అతి చేరువనున్నవాడు చూచి తప్పించుకొనుట దాదాపు అసాధ్యము. తప్పించుకొను రీతులు కలవు గాని, అవి ఆమె దేహమును చదివి తెలిసికొన్నవి కావు. పలువురు కలిసి పరీక్షించి ఒకరికొకరు చెప్పుకొన్నవి. వ్యాఖ్య లేనిదే రెండవ అర్థము దొరకని రాఘవపాండవీయ పద్యము వంటిది ఈ ఘట్టము. పండితులు మెచ్చుకొందురు, ఒంటరిగా చదువుకొనువాడు పుస్తకము మూయును. 2024 జూనులో వెలువడిన అనుబంధ భాగమున కడపటి ప్రతివీరుడైన రాడాన్ వెదజల్లు కాంతి కన్నులు మిఱుమిట్లు గొలిపి వాని కదలికలే కనబడకుండ చేసెనని ఆటగాండ్రు మొఱపెట్టుకొనగా, ఆ యేడు సెప్టెంబరులో నిర్మాతలు దానిని తగ్గించిరి. అక్షరములు కనబడనిచో చదువు సాగదను మాటను వారు అంగీకరించినట్లే.

గెలుపున ధర్మమేది, అధర్మమేది యను తగవు ఈ లోకమునను కలదు. తోడునకు ఇతర ఆటగాండ్రను పిలుచుకొనుటకు, ఎల్డెన్ రింగ్ నందు ఆత్మరూపులైన సహాయులను రప్పించుకొనుటకు నిర్మాతలే ఏర్పాట్లు చేసిరి. అయినను అట్లు గెలిచినవాడు గెలిచినవాడు కాడని ఈసడించు శుద్ధాచారులు ఉన్నారు. వీరికి బలరాముని కోపము గుర్తు చేయవలెను. నాభికి క్రింద కొట్టరాదను గదాయుద్ధధర్మమును భీముడు మీఱినాడని హలాయుధుడు మండిపడినమాట నిజమే. కాని ఊరి జనము తపస్సు మాను క్రిందను, మట్టిబొమ్మ చుట్టును చేరి కొలుచునది పాండవపక్షమునే. ఇనుప ప్రతిమపై పదుమూడేండ్లు ఒంటరిగా సాధనము చేసినవాడు ఓడినాడు. తోడున్నవాని సైగ చూచినవాడు గెలిచినాడు. శుద్ధాచారులు ఏ పక్షమువారో వారే ఆలోచించుకొనవలెను. 2022లో ఒక ఆటగాడు తలపై కుండ మాత్రము ధరించి, పిలిచినవారి లోకములకెల్ల పోయి, వారిని ప్రక్కన నిలువుమని చెప్పి, మలేనియాను తానొక్కడే వేయిసార్లు కూల్చి లోకప్రసిద్ధుడయ్యెను. ప్రచురణకర్తలైన బందాయ్ నామ్కో వారు అతనికి ఒక ఖడ్గము బహూకరించిరి. అతనిని పిలిచినవారు ఓడినవారో గెలిచినవారో చెప్పుట కష్టము. ఆమె విన్యాసమును ప్రశాంతముగా చూడగలుగుట మాత్రము వారికి అదే మొదటిసారి.

సెకిరో వెలువడిన 2019లో మఱింత గంభీరమైన వాదము చెలరేగెను. అందు కాఠిన్యమును తగ్గించుకొను వీలు లేదు. చేతుల పట్టులేనివారు, చూపు మందగించినవారు దీనిని ఆడుట ఎట్లని కొందఱు ప్రశ్నించిరి. కాఠిన్యము తీసినచో కృతియే లేదని కొందఱు బదులు చెప్పిరి. రెండవ వాదమున సగమే సత్యమున్నది. చదువవలసిన గ్రంథము ఒకటి, దానిని పట్టుకొను చేయి వేఱొకటి. అంతకు ముందటేడు, అనగా 2018లో వచ్చిన సెలెస్ట్ అను క్రీడలో ఆట వేగమును తగ్గించుకొనుటకు సదుపాయము కల్పించిరి; ఆ క్రీడకు కాఠిన్యమును గూర్చిన పేరు దానివలన తఱుగలేదు. పెద్ద అక్షరములతో అచ్చువేసినంత మాత్రమున వసుచరిత్ర తేలికపడదు. మార్గిట్ కోల దిగుటకు మఱొక అరక్షణము పట్టినను, భుజమును చూడనివాడు చచ్చుచునే యుండును.

ఈ రూపము ఒక్క జపానువారి సొత్తుగా నిలువలేదు. 2024లో చైనావారు తమ ప్రాచీన వానరవీరుని కథను తీసికొని బ్లాక్ మిత్: వుకాంగ్ అను క్రీడ రచించిరి. అంతకుముందే 2020లో పుణె నగరపు నాడింగ్ హెడ్స్ గేమ్స్ సంస్థవారు రాజి యను క్రీడలో దుర్గావిష్ణువుల అనుగ్రహముపొందిన బాలికను మహాబలాసురునిపై నిలిపిరి. దాని చిత్రరచన కన్నులపండువు. దాని అసురుడు మాత్రము చదివించుకొనునంతటివాడు కాడు. ఓడిపోయి వరముపొందు నాయకుని కథ కలిగిన కిరాతార్జునీయము ఈ రూపమునకు ఎంత తగిన వస్తువో తపస్సు మాను నెఱిగినవారికి చెప్పనక్కఱలేదు.

కడపటిగా, ప్రతివీరుని చంపుట సంతోషకరముగా నుండకపోవుటను గూర్చి. డార్క్ సోల్స్ నందు సిఫ్ అను పెనుతోడేలు తన నేస్తమైన ఆర్టోరియాస్ సమాధికి కావలి యుండును. అతని కత్తినే నోట కఱచుకొని పోరాడును. ప్రాణము కొంచెమే మిగిలినపుడు అది కుంటును. విసరిన కత్తి బరువునకు తానే తూలి పడబోవును. అప్పుడు కొట్టుటకు చేయిరాక నిలిచిపోయినవారు ఎందఱో. ధర్మపురికి ప్రక్కనున్న చెంగము సీమలో ఎడుత్తనూరు వీరశిల యొకటి కలదు. ఏడవ శతాబ్దిలో మహేంద్రవర్మ కాలమున పడిన వీరునితోపాటు, దొంగలను కఱచి కాపు నిలిచిన అతని కోవివన్ అను కుక్కను గూడ అందు చెక్కి పేరు వ్రాసిరి. ఆ శిలను చూచినవాడు సిఫ్‌ను చంపవలసివచ్చినపుడు ఏ పక్షమున నిలిచెనో తెలియక తికమకపడును. ఆ క్రీడకు తుది ప్రతివీరుడైన గ్విన్ ప్రభువును అంతే. కథయంతయు మహాబలునిగా కీర్తింపబడినవాడు తీరా ఎదురగునప్పటికి బూడిదలో కాలి మిగిలిన వృద్ధుడు. భేరీలు, గానబృందములు మూగవోయి పియానో యొక్కటే మెల్లగా పలుకును.

పడుకళమున దుర్యోధనుని తొడ విఱిగిన పిమ్మట శోకములు పాడుదురు. నిమిషము క్రిందట వాని చావునకు కేకలు పెట్టిన జనమే ఆ శోకమును వినును. తరువాత అందఱును బొమ్మపై పడి మట్టిని పెల్లగించి యింటికి కొనిపోయి ధాన్యపు గాదెలలో ఉంచుదురు. డార్క్ సోల్స్ నందు చచ్చిన ప్రతివీరుని ప్రాణము ఆటగాని చేతికి వచ్చును. సిఫ్ ప్రాణమును కమ్మరికడకు కొనిపోయి ఇచ్చినచో అతడు దానిని ఒక ఖడ్గమునకు చేర్చి ఆర్టోరియాస్ కత్తిగా మార్చి యిచ్చును. దానిని సరిగా ఎత్తుటకు బలము, నేర్పు, బుద్ధి, విశ్వాసము నాలుగును చాలినంత ఉండవలెను; సిఫ్‌ను గెలుచునాటికి ఆ నాలుగును సమకూడినవారు అరుదు.